వృద్ధులకు పథ్యమా, పస్తులా?

తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకున్న 74 ఏళ్ల తల్లిని ఆ మధ్య పరీక్షించాను. గాయం నెమ్మదిగా మానుతున్నది గాని, ఆమెకు మంచం దిగే సత్తువ లేదు. ఏమి తింటున్నారని అడిగితే కుమారుడు సమాధానమిచ్చాడు. "కుట్లకు చీము పడుతుందని పప్పు పూర్తిగా మాన్పించామండీ. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం మెత్తగా మజ్జిగన్నం, రాత్రి పాలల్లో రెండు బిస్కట్లు. అమ్మకు ఏ లోటూ చెయ్యలేదు."

మనసులో లెక్క వేశాను. ఇవన్నీ కలిపినా మాంసకృత్తులు 20 గ్రాములు దాటడం కష్టం. ఆమె బరువు 50 కిలోలు. 65 దాటినవారికి శరీరపు బరువులో కిలోకు 1 నుండి 1.2 గ్రాములు అవసరమని ఐరోపా వృద్ధవైద్య సంఘం ఏర్పరచిన నిపుణుల బృందం 2013లోనే సూచించింది. గాయం మానవలసిన దశలో అవసరం మరింత పెరుగుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే పప్పు తీసివేశారు! చీము పట్టించేవి సూక్ష్మజీవులు. కందిపప్పుకు ఆ పాపంతో సంబంధం లేదు.

ఆ కుమారుని నేను నిందించను. మన ఇళ్లలో ఒక్కొక్క వయసుకు ఒక్కొక్క ఆహారధర్మాన్ని అంటగట్టాము. పసివానికి రుచి, యువకునికి బలం, నడివయసువానికి చక్కెర భయం. వృద్ధులకు మాత్రం వైరాగ్యం! "ఈ వయసులో ఇంకా తిండి మీద యావ ఏమిటి?" అనే మాట ఎవరైనా అంటారేమోనన్న బెరుకుతో ఎందరు తల్లులు రెండవ మారు వడ్డించుకోవడం మానివేశారో నేను చూశాను. గుడ్డు మనవడికి, గడ్డపెరుగు అల్లునికి, అడుగున మిగిలిన చారు తమకు. నలభయ్యవ ఏట మొదలుపెట్టిన శనివారపు ఒంటిపూట భోజనాన్ని ఎనభయ్యవ ఏట కూడా కొనసాగించేవారున్నారు. వారి భక్తిని నేను ప్రశ్నించడం లేదు. నలభైలో ఆ లోటును తట్టుకున్న కండ ఎనభైలో లేదంటున్నాను.

వయసుతో కండ కరగడాన్ని సార్కోపీనియా అంటారు. 1989లో ఈ పేరు పెట్టేనాటికే నేను ప్రభుత్వోద్యోగంలో ఉన్నాను. అయినా పదవీ విరమణ వరకు వృద్ధులందరికీ "తేలికగా తినండి" అనే చెప్పి పంపించాను. ఆ మాటను వారు ఇంటికి వెళ్లి మజ్జిగన్నంగా అనువదించుకున్నారు. తప్పు నాది కూడా.

వృద్ధులకు తక్కువ తిండి చాలునన్న వాదంలో సగమే నిజం. శ్రమ తగ్గినప్పుడు అన్నం తగ్గవచ్చు. మాంసకృత్తుల అవసరం తగ్గదు. తిన్నదానిని కండగా మలచుకునే శక్తి వయసుతో మందగిస్తుంది గనుక పెరుగుతుంది. "అరగదు" అంటారు. పళ్లు లేనివారికి గట్టి ముక్క నమలడం కష్టమే గాని, మెత్తగా ఉడికిన పప్పు, పలుచని పెసరట్టు, ఉడికించిన గుడ్డు, పెరుగు, ముల్లు తీసిన చేప ఎందుకు అరగవు? రోజుకు రెండు గుడ్లు సుమారు 12 గ్రాములు, అర లీటరు పాలూ పెరుగూ 16, 50 గ్రాముల కందిపప్పు 11, తక్కినది అన్నమూ ఇడ్లీలూ సమకూరుస్తాయి. గుడ్డు తిననివారు పెసలు, వేరుసెనగలు పెంచుకోవాలి. వారిలోనూ మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బి12 లోపించే అవకాశం ఎక్కువ, రక్తపరీక్ష చేయించుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుని అడగకుండా ఈ లెక్కలు పాటించరాదు.

ఆ తల్లికి పప్పూ గుడ్డూ పెట్టమని కాగితం మీద వ్రాసి ఇచ్చాను. మూడు నెలలకు చేతికర్రతో తానే నడిచి వచ్చింది. కోడలు గుడ్డు పెడుతున్నదా అని అడిగాను.

"రోజూ పెడుతోంది డాక్టరుగారూ. సగం మాత్రం చిన్నవాడికి పెడుతున్నాను, ఎదిగే పిల్లాడు కదా," అన్నది.