నికోబారు కెప్టెన్ల టోపీలు

పందొమ్మిదో శతాబ్దంలో నికోబారు దీవులు చూసొచ్చిన ఐరోపావాళ్లు తమ రాతల్లో ఊరిపెద్దలను హాస్యపాత్రలుగా నిలబెట్టారు. ఒంటిమీద గోచీ, నెత్తిన ఎవరో వాడి పారేసిన పొడవాటి టోపీ! కొబ్బరికాయల కోసం వచ్చే ఓడలు ఆ పాత టోపీలను మారకానికి తెచ్చేవి. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల విగ్రహం తలమీద ఉన్నది కూడా పరాయి దర్బారుల నుంచి వచ్చిన పొడుగు కుళ్ళాయే. దాన్ని మనం వైభవమంటాం. దూరదేశాల వాళ్లతో సరిసమానంగా నిలబడటానికి వాళ్ల తలవేషాన్ని తమది చేసుకోవడమే రెండుచోట్లా జరిగింది. ఒకదానికి దండం పెట్టి, ఇంకొకదాన్ని చూసి నవ్వడం న్యాయం కాదు.

రాయలు తన కుళ్ళాయిని తానే ఎంచుకున్నాడు, నికోబారు పెద్దకు అధికారం బయటివాళ్లు ఇచ్చినదే కదా అనవచ్చు. ఇందులో నిజముంది. 1868లో డెన్మార్క్‌వాళ్లు దీవులపై తమ హక్కులు వదులుకోగా, 1869లో దీవులను చేజిక్కించుకున్న బ్రిటిష్‌వాళ్లు ఊరికొక కెప్టెన్ను గుర్తించి జెండా, ధ్రువపత్రం చేతికిచ్చారు. రాజు లేనిచోట తమకు జవాబు చెప్పే మనిషి ఒకడు వాళ్లకు కావలసివచ్చాడు. కానీ తలమీదిది ఎవరిచ్చినా, కాళ్ల కింది నేల ఎవరిదన్నదే అసలు ప్రశ్న. కార్ నికోబారులో భూమి, కొబ్బరితోటలు తుహెత్ అనే ఉమ్మడి కుటుంబానివి. టోపీ పెట్టుకున్నంత మాత్రాన కెప్టెన్ వాటికి యజమాని కాలేదు. ఆ మాటకొస్తే సామ్రాజ్యపు సొంత కిరీటం సంగతీ చూడాలి. లండన్ కిరీటం దేశం దాటకూడదు కనుక 1911 ఢిల్లీ దర్బారు కోసం ఐదో జార్జికి వేరే కిరీటం చేయించారు. ఆ తర్వాత దాన్ని ఏ రాజూ ధరించలేదు. అదీ సందర్భానికి పెట్టుకున్న టోపీయే.

టోపీలు పోయాయి, కెప్టెన్ పదవి మాత్రం నికోబారు ఊళ్లలో నేటికీ ఉంది. అలంకారప్రాయమైన పదవే కదా అని తీసిపారేసేవాళ్లు 2022ను గుర్తుచేసుకోవాలి. గ్రేట్ నికోబారులో రేవు, విమానాశ్రయం, పట్నం కట్టడానికి ప్రభుత్వానికి దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి కావలసివచ్చింది. ఈ కెప్టెన్లు కూర్చునే లిటిల్, గ్రేట్ నికోబారు గిరిజన మండలి మొదట అభ్యంతరం లేదని పత్రమిచ్చింది. 2004 సునామీకి ముందు తాము బతికిన ఊళ్ల నేల కూడా అందులో కలుస్తుందని తెలిశాక, అదే ఏడు నవంబరులో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది. ఇచ్చిన సమ్మతిని రద్దుచేసుకునే హక్కు తమదేనని చాటిన ఆ లేఖ, ఏ కిరీటానికీ తీసిపోని సార్వభౌమ పత్రం. ఢిల్లీ దాన్ని ఆ గౌరవంతోనే చదవాలి.