మేల్కొనుటకు జాగుచేయు కంప్యూటరు

ఇంటిలోనికి క్రొత్త వస్తువు వచ్చినంతనే పాత యిబ్బంది తీరునని మనమందఱమును నమ్ముదుము. ఒక్కొక్కప్పుడు పాత యిబ్బంది పోయి, దాని పీటపై క్రొత్తది వచ్చి కూర్చుండును. మా తోడికోడలి కంప్యూటరు విషయమున నట్లే జరిగినది.

ఆమె ప్రతిదినమును ఉదయము ఆఱు గంటలకు కంప్యూటరు ముందు కూర్చుండి, దూరపు ఊళ్లలోని బాలికలకు లెక్కలు చెప్పును. విండోస్ 10 నకు సాధారణ సంరక్షణము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. ఆమె పాత యంత్రము విండోస్ 11 నకు తగినది కాకపోవుటచే, తన పాఠముల సొమ్ముతో క్రొత్త మదర్‌బోర్డును, ప్రాసెసరును, డీడీఆర్5 ర్యామును వేయించుకొనెను. పెట్టెయు డిస్కును మాత్రము పాతవే.

నాటినుండి మీట నొక్కిన పిమ్మట చాలసేపు తెర నల్లగా నుండిపోవుచుండెను. ఆవల పిల్లలు కాచుకొని యుండుట, ఈవల నీమె చేతులు నలుపుకొనుట నిత్యకృత్య మయ్యెను. “ఈ పెట్టె నీకు అచ్చిరాలేదమ్మా. ఇంటిపని చాలదా?” అని మా అత్తగారనిరి. దుకాణదారు “డిస్కు చెడినది, మార్చవలెను” అని మరల వేల రూపాయల లెక్క చెప్పెను. “అక్కయ్యా, పాఠములు మానుకొందునా?” అని ఆమె నన్నడిగినది.

“మానుట సంగతి తరువాత. ముందు గడియారము తీసికొని రా” అంటిని.

జ్వరము చూడక మందు వేయరాదు గదా! కంప్యూటరు మేల్కొనుటలో రెండు అంకములు కలవు. మొదటి దానిలో, మదర్‌బోర్డునందే యుండు బయోస్ అను చిన్న ప్రోగ్రాము ర్యాము, డిస్కు, కీబోర్డు మొదలగువానిని పరీక్షించును. అప్పటికి విండోసు ఇంకను లేవలేదు. రెండవ దానిలో బయోసు విండోసును పిలువగా, అది తెరపై చుక్కల చక్రమును త్రిప్పుచు తన పరివారమును కూర్చుకొనును. మీట నొక్కినది మొదలు చక్రము కనబడువఱకు ఎన్ని సెకనులు, చక్రము మొదలు పని చేయుటకు వీలగువఱకు ఎన్ని సెకనులు అని వేఱువేఱుగా వ్రాసికొనవలెను.

మా లెక్కలో మొదటి అంకమునకు 95 సెకనులు, రెండవదానికి 15 పట్టినవి. విండోసును చదివి యిచ్చుటలో డిస్కు జాగు చేయుట లేదని తేలినది. అయినను చెడిన డిస్కు మొదటి అంకమునందును అడ్డుపడవచ్చును. కావున కరెంటు తీగ నూడదీసి, డిస్కు తీగను గూడ తొలగించి, మరల నడిపి చూచితిమి. నల్లతెర అంతసేపే యుండెను. దోషము డిస్కుది కాదు.

కారణ మిది. డీడీఆర్5 ర్యాము మిక్కిలి వేగము గలది. దానితో పొరపాటు లేక మాటలాడుటకు మదర్‌బోర్డు సంకేతముల వేళలను సరిచూచుకొనును. దీనిని మెమరీ ట్రెయినింగ్ అందురు. క్రొత్తగా అమర్చిన మొదటిసారి దీనికి కొన్ని నిమిషములు పట్టుట సహజము. చెడినదని తలచి మధ్యలో ఆర్పరాదు. ఒకసారి నేర్చిన పాఠమును గుర్తుంచుకొనుటకు, ఏఎమ్‌డీ ప్రాసెసరులకై చేసిన యీ తరపు బోర్డులలో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ అను అమరిక యున్నది. మా బోర్డులో నది మూసి యుండుటచే, యంత్రము దినదినమును ఓనమాలనుండి మొదలు పెట్టుచుండెను!

దానిని మార్చుటకు ముందు రెండు జాగ్రత్తలు తీసికొంటిమి. పాఠముల ఫైళ్లను, పిల్లల ఫొటోలను వేఱొక డిస్కులోనికి ఎక్కించితిమి. బిట్‌లాకర్ తాళమున్న యంత్రము బోర్డు మార్చినప్పుడును, బయోసును సవరించినప్పుడును 48 అంకెల రికవరీ కీ నడుగవచ్చును. అది లేనిచో డిస్కులోనిది మనకే అందదు. కనుక దానిని కాగితముపై వ్రాసి ఇంటి దస్తావేజులతో దాచితిమి.

పిమ్మట బోర్డు తయారుచేసినవారి సైటునుండియే క్రొత్త బయోసును తెచ్చి ఎక్కించితిమి. ఈ పని నడుమ కరెంటు పోయినచో బోర్డే పనికిరాకుండ పోవచ్చును. యూపీఎస్ లేక చేయకుడు. తరువాత, మీట నొక్కగానే డిలీట్ కీని పలుమాఱులు నొక్కి, బయోసులో ప్రవేశించి, ఆ అమరికను తెఱచితిమి. మఱునాడు మొదటి అంకము 20 సెకనులలో ముగిసెను. ఇట్లు చేసిన పిమ్మట యంత్రము ఊరక ఆగిపోవుట, నీలితెర చూపుట జరిగినచో, ఆ అమరికను మరల మూసివేయవలెను. జాగు కంటె తడబాటు చెడ్డది.

మీ యింట జాగు వేఱుచోట నుండవచ్చును. మొదటి అంకముననే యైనచో, పెన్‌డ్రైవులు మున్నగువానిని తీసి చూడుడు. బూట్ వరుసలో నెట్‌వర్కు ముందున్నచో దానిని వెనుకకు నెట్టుడు. రెండవ అంకముననైనచో, క్రొత్త బోర్డునకు తగిన చిప్‌సెట్ డ్రైవరులను ఎక్కించి, టాస్క్ మేనేజరులోని స్టార్టప్ యాప్స్ పుటలో అక్కఱలేనివానిని ఆపుడు. అప్పటికిని తీరక, మీది తిరుగుడు పళ్లెముల పాత హార్డ్‌డిస్కే యైనచో, ఎస్‌ఎస్‌డీకి పెట్టిన రూపాయి వృథా కాదు.

మా తోడికోడలి చేత ఈ మరమ్మతునకు ఒక్క కానియు ఖర్చు కాలేదు. ఇప్పుడు పాఠము ఆఱుగంటలకే మొదలగుచున్నది. మా అత్తగారు కాఫీ గ్లాసు తెచ్చి ఆమె బల్లపై నుంచి, చప్పుడు చేయక తలుపు దగ్గఱకు వేసి పోవుచున్నారు.

సోదరీమణులారా! సంచి విప్పుటకు ముందు గడియారము చూడుడు.