యంత్రమూ మనమూ : చలికాలానికి వేరే చక్రాలు

మా విభాగంలో చిరకాలం పనిచేసి పదవీ విరమణ పొందిన మిత్రులొకరు ఇటీవల మా ఇంటికి విచ్చేశారు. వారి కుమారుడు జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో ఉద్యోగి. ఎన్నాళ్ళుగానో మనసుపడిన పోర్షే 911 కరేరా ఎస్ కారును, ఒకరు వాడినదే అయినా, ఈ మధ్యనే కొనుక్కున్నాడు. చలికాలం రానున్నది గనుక దానికి మరో నాలుగు టైర్లు, నాలుగు చక్రాలు కొనబోతున్నాడట. "ఉన్న టైర్లు ఇంకా కొత్తవే. వాటిని విప్పి మూల పెట్టడం దుబారా కాదా? మీ మాటంటే వాడికి గురి. కాస్త చెప్పండి" అని మిత్రులు కోరారు. విషయం విన్న పిదప, చెప్పవలసినది అబ్బాయికి కాదు, తండ్రిగారికేనని మాకు తోచింది. ఆనాటి సంభాషణ సారాంశమే ఈ నెల శీర్షిక.

రబ్బరు గుణం ఉష్ణోగ్రతను బట్టి మారుతుందన్న సంగతి మన కర్మాగార సోదరులకు కొత్త కాదు. ఆవిరి గొట్టానికి వాడే గాస్కెట్టును శీతల యంత్రానికి వాడము కదా! 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఏడుగురు వ్యోమగాములతో సహా నాశనమవడానికి కారణం, చలికి బిగుసుకుపోయి సాగే గుణం కోల్పోయిన రబ్బరు వలయమే. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫేన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీటిలో ముంచి, విచారణ సంఘం ఎదుటనే ఈ సంగతిని నిరూపించారు. వేగపు కార్ల వేసవి టైర్లదీ ఇదే కథ. వేడెక్కిన రోడ్డుపై రాణించేందుకు తయారైన రబ్బరు మిశ్రమం, సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దిగువన క్రమంగా గట్టిపడి పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు మిశ్రమం ఆ చలిలోనూ మెత్తదనం నిలుపుకొంటుంది. దాని గళ్ళలోని సన్నని కోతలు మంచును కరచి పట్టుకుంటాయి. ఫిన్లాండ్ దేశస్థులు 1934లోనే చలికాలానికంటూ ప్రత్యేకంగా టైరును రూపొందించారు. ఇది నిన్నమొన్నటి వ్యాపార తంత్రం కాదు.

ఇక లెక్క చూద్దాము. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు మంచుపై ఆగాలి. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే సుమారు 33 మీటర్లలో ఆగుతుంది. 0.2 అయితే 49 మీటర్లు కావాలి. మొదటి కారు నిలిచిపోయిన చోట రెండవ కారు ఇంకా గంటకు 29 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఆ చోట రోడ్డు దాటుతున్న పసిబిడ్డ ఉంటే? ఈ సూత్రంలో కారు ధరకు గానీ, ఇంజను అశ్వశక్తికి గానీ స్థానం లేదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే కారయినా బయలుదేరడంలో మెరుగే తప్ప, ఆగడంలో కాదు.

ఇందులో మాకు స్వానుభవం కూడా ఉన్నది. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం ఒక జనవరిలో శిక్షణార్థం ఆ దేశంలో ఉన్నాము. సహోద్యోగి ఒకరు వేసవి టైర్లతోనే కారు నడుపుతూ ఎర్ర దీపం చూసి బ్రేకు తొక్కారు. బ్రేకు పనిచేసింది, టైరు పనిచేయలేదు. కారు నిదానంగా, నిశ్శబ్దంగా జారుతూ కూడలి మధ్యకు పోయి నిలిచింది. అటునుంచి ఏ వాహనమూ రాకపోవడం మా అదృష్టం. అంతకుమించి మా ప్రతిభ ఏమీ లేదు.

జర్మనీలో మంచు, నల్లమంచు ఉన్న రోడ్లపై తగిన టైర్లు తప్పనిసరి అన్న నిబంధన 2010లో వచ్చింది. 2024 అక్టోబరు నుండి మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచుపువ్వు గుర్తు ఉన్న టైర్లే చెల్లుతాయి. ఉల్లంఘిస్తే 60 యూరోల జరిమానా. గాడి లోతు చట్టరీత్యా 1.6 మిల్లీమీటర్లు చాలినా, చలికాలానికి 4 మిల్లీమీటర్లు ఉండాలన్నది నిపుణుల సలహా. పొరుగున ఉన్న ఆస్ట్రియాలో ఆ 4 మిల్లీమీటర్లే చట్టం. అన్ని ఋతువులకూ ఒకే టైరు అనే రకం కూడా, ఆ గుర్తు ఉంటే చెల్లుతుంది. కానీ ఇంత శక్తిగల కారుకు అది రెండు పడవల మీద కాలు వంటిది.

టైరు ఎంపికలో నాలుగు సంగతులు చూడాలి. మొదటిది భారసూచిక. అది తయారీదారు చెప్పినదానికి తగ్గరాదు. రెండవది వేగసూచిక. ఈ కారు గంటకు 300 కిలోమీటర్లు దాటగలదు. చలికాలపు టైరుపై 'వి' అక్షరముంటే దాని హద్దు 240 మాత్రమే. జర్మనీలో ఇది అనుమతమే గాని, ఆ హద్దును తెలిపే చీటీ చోదకుని కంటికి కనబడేలా అతికించాలి. మూడవది, పోర్షే పరీక్షించి ఆమోదించిన టైరుపై 'ఎన్' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. నాలుగవది వయస్సు. టైరు పక్కగోడపైనున్న నాలుగంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి.

చక్రం మాటకొస్తే, చలికాలానికి కాస్త చిన్న చక్రం, ఎత్తయిన పక్కగోడ మేలు. ఈ కారు వెనుక టైరు కొలత 305/30, చక్రం 21 అంగుళాలు. మొత్తం వ్యాసం 716 మిల్లీమీటర్లు. దాని బదులు 20 అంగుళాల చక్రానికి 295/35 తొడిగితే వ్యాసం 714.5 మిల్లీమీటర్లు. భేదం పావు శాతానికి కాస్త ఎక్కువ మాత్రమే. కానీ పక్కగోడ ఎత్తు 12 మిల్లీమీటర్లు పెరిగి, మంచు కింద దాగిన గుంత దెబ్బ నుండి చక్రాన్ని కాపాడుతుంది. అయితే చిన్న చక్రం లోపల బ్రేకు భాగాలు ఇముడుతాయో లేదో కాగితం మీద తేలదు. తయారీదారు ఆమోదించిన జాబితాయే ప్రమాణం. రోడ్డుపై చల్లే ఉప్పుకు మెరుగుపెట్టిన చక్రాలు త్వరగా పాడవుతాయి గనుక, సాదా రంగు చక్రాలే శ్రేయస్కరం. బిగించి 50 కిలోమీటర్లు నడిపాక బోల్టుల బిగువును మరల సరిచూడాలి.

"పోనీ, వెనుక రెండూ మారిస్తే చాలదా? ఇంజను వెనుకనే కదా!" అన్నారు మిత్రులు. చాలదు. బయలుదేరేది వెనుక చక్రాలతోనే అయినా, తిరగడానికీ, ఆగడానికీ ముందు చక్రాల పట్టు కూడా కావాలి. ఇక దుబారా అంటారా? ఒక వరుస తిరుగుతున్నంత కాలం రెండవ వరుస అరగదు. చక్రాలు అదనపు ఖర్చేగాని, టైర్ల ఖర్చు చాలావరకు ముందుగా పెట్టినదే, పోయినది కాదు.

మిత్రులు కొంతసేపు మౌనంగా ఉన్నారు. "మా మనవరాలిని బడికి దింపేది ఆ కారులోనేనండీ" అన్నారు చివరకు. ఆ రాత్రే కుమారునికి ఫోను చేసి, నాలుగూ కొనమన్నారని తరువాత తెలిసింది. అందులో సగం డబ్బు తానే పంపుతానన్నారట. మేము చెప్పిన లెక్కలన్నింటికన్నా ఆ ఒక్క మాట బరువైనది.