టీ తాగినాం, సంతకం పెట్టినాం, ఒప్పుకోలేదు

ఈ ప్రణాళిక కింద సంతకాలు, వేలిముద్రలు వేసిన మేము ఎవరమో ముందు చెప్పుకోవాలి. మమ్మల్ని గురించి రాసిన నివేదికలో మేమంతా ‘స్థానిక సమాజం’ అనే ఒక్క మాటలో సర్దుకుపోయాం గనక. మాలో కౌలు చేసేవాళ్లున్నారు. వాళ్లలో కౌలుకార్డు ఉన్నది ముగ్గురికే. చెరువులో చేపలు పట్టేవాళ్లున్నారు, గొర్రెలు తోలేవాళ్లున్నారు, రేవు మీద బతికేవాళ్లున్నారు. మూడు తరాలుగా తూము తీసి మూసే నీరుగంటి ఉన్నాడు. ఏ పొలానికి ఎన్ని గడియల నీళ్లో ఆయనకు కంఠతా వచ్చు, ఆయనకు మాత్రం సెంటు భూమి లేదు. చెరువు లేకపోతే మేం లేము. చెరువు కాగితాల్లో మాత్రం ఎక్కడా లేము.

నిరుడు ఎండాకాలం కట్ట మీది మర్రిచెట్టు కింద ఒక సమావేశం జరిగింది. రాయలసీమ చెరువుల బాగుకు అప్పిచ్చే ఒక అంతర్జాతీయ సంస్థ తరఫున మెడలో ట్యాగులు వేసుకున్న పిల్లలు రెండు కార్లలో వచ్చారు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక పేరు రాస్తే మిగతావన్నీ హమ్మయ్య అనుకుంటాయి. ఎండకు ల్యాప్‌టాప్ తెర కనబడలేదు. పెద్దసారు ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు చెప్పినదాన్ని చిన్నసారు తెలుగులో రెండు నిమిషాల్లో ముగించాడు. మిగతా పద్దెనిమిది నిమిషాలు ఎక్కడికి పోయాయో అని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. అది మా తప్పే.

అడిగినవి నాలుగు. నడి ఎండాకాలంలో గొర్రెలకు ఏ మూల నీళ్లు మిగులుస్తారు? పూడిక తీసిన ఒండ్రు ఎవరి పొలానికి తోలతారు, సొంతదారు పొలానికా, దున్నేవాడి పొలానికా? చేపల పెంపకం ‘ప్రైవేటు భాగస్వామి’కి ఇస్తే మా సొసైటీ గతేంటి? తూముకు మోటారు గేటు పెడితే నీరుగంటి ఏం కావాలి? అన్నీ రాసుకున్నారు. టీ, బిస్కెట్లు ఇచ్చారు. తర్వాత అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం ఒకటి చేతులు మారింది. వరుస సంఖ్య, పేరు, ఊరు, ఫోను, సంతకం. వచ్చినట్టు గుర్తుకేనన్నారు.

ఏడు నెలల తర్వాత డిగ్రీ చదివే మా ఊరి అమ్మాయి ఆ నివేదికను ఫోనులో దించుకుని చదివింది. మా కాగితం చివరి అనుబంధంలో ఉంది. దాని పైన ఇంగ్లీషులో ఒకే వాక్యం: హాజరైనవారందరూ ప్రాజెక్టుకు పూర్తి మద్దతు తెలిపారు. నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ లేదు. మర్రిచెట్టు ఫోటో మాత్రం చక్కగా వచ్చింది.

ఆ నెలలోనే విజయవాడలో ఒక పెద్ద హోటల్లో ‘భాగస్వాముల సదస్సు’ పెట్టారని తెలిసి ఐదుగురం రాత్రి బస్సెక్కి పోయాం. గేటు దగ్గర మీ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమన్నారు. మాకు నంబరు లేదు, చెరువుంది. లోపల మా తరఫున పట్నం స్వచ్ఛంద సంస్థ ఒకటి మాట్లాడిందని తర్వాత తెలిసింది. ‘అట్టడుగు గొంతు’ అని దానికి బిరుదు. ఆ గొంతు మా ఊరికి ఒక్కనాడూ రాలేదు. చేపల కంపెనీ వాళ్లు మాత్రం మా పక్కనుంచే ట్యాగులు ఊపుకుంటూ లోపలికి పోయారు. మధ్యాహ్నం దాకా గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని తిరుగు బస్సెక్కాం. ఈ ప్రణాళికలో మొదటి వాక్యాలు ఆ బస్సులోనే పుట్టాయి. కాబట్టి ఇందులో కోపం కాస్త ఎక్కువే ఉంటుంది, ఓర్చుకోండి.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లకు పాత కథ మళ్లీ చెప్పక్కర్లేదు. నర్మద ఆనకట్ట ప్రాజెక్టు మీద మోర్స్ నివేదిక 1992లో వచ్చింది. మరుసటేడు ప్రపంచ బ్యాంకు ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది, అదే ఏడు ఆ బ్యాంకు మీద ఫిర్యాదులు వినే తనిఖీ ప్యానెల్ పుట్టింది. ఆ ప్యానెల్‌ను ఎవరూ దానంగా ఇవ్వలేదు, మునిగిన ఊళ్లు సంపాదించాయి. 2017లో అమరావతి రైతులు కొందరు ఆ ప్యానెల్ గడపే తొక్కారు. 2019 జూలైలో కేంద్రం అప్పు దరఖాస్తునే వెనక్కి తీసుకుంది, ఫిర్యాదు అక్కడే ఆగిపోయింది. 2024 డిసెంబరులో అదే బ్యాంకు అదే నగరానికి 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. గుజరాత్‌లోని ముంద్రా మత్స్యకారులు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి, ఇలాంటి అంతర్జాతీయ సంస్థలకు కోర్టుల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019లో 7–1 తీర్పు తెచ్చుకున్నారు. ఆ తర్వాత కింది కోర్టుల్లో వాళ్ల కేసు నిలవలేదు. 2001లో మెదక్ జిల్లాలో ‘ప్రజాతీర్పు’ పేరుతో జనం విచారణ కూర్చుంది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 మీద చిన్న రైతులు, ఎక్కువగా ఆడవాళ్లు, సాక్షులను విని తీర్పు చెప్పారు. ఆ తీర్పు రుచించని చోట పద్ధతి సరిగా లేదనే మాట లేచింది. మా సంతకాల కాగితం పద్ధతి సరిగా ఉందా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పైవాళ్ల ఏర్పాట్లు మాకు తెలియనివి కావు. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ 71వ అధికరణం కింద ఇవాళ ఆరు వేలకు పైగా సంస్థలకు సంప్రదింపు హోదా ఉంది. మంచిదే. ఆ హోదాకు దరఖాస్తు పెట్టాలంటే ఆఫీసు కావాలి, ఆఫీసుకు డబ్బు కావాలి. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బు మరో సంస్థకు దాటించకూడదు. పట్నంలో మైకు కొన్నవాడి దగ్గరే మైకు ఉండిపోయింది. ఇంట్లోనూ అంతే. 1997 సాగునీటి సంఘాల చట్టం రైతులకే చెరువు అప్పగిస్తుందని పండగ చేశారు. ఓటు భూమి రికార్డులో పేరున్నవాడిది. దున్నేవాడు, పట్టేవాడు, తోలేవాడు, తూము తీసేవాడు గట్టు మీద నిలబడి చూశారు.

మేం అప్పు వద్దనడం లేదు. కట్ట బలపడాలి, మరవ బాగుపడాలి, పూడిక పోవాలి. మాకు చాలా కోరికలున్నాయి. ఒక్కటి మాత్రం విడవం.

సమావేశంలో ఎవరేమన్నారో రాసిన కాగితాన్ని అక్కడే, ఆ రోజే, చెట్టు కింద నుంచి ఎవరూ లేవకముందే, మా తెలుగులో గట్టిగా చదివి వినిపించాలి. తప్పుంటే అక్కడే దిద్దాలి. ఒప్పుకోనివాడి మాట ఒప్పుకోలేదనే రాయాలి. ఆ తర్వాతే సంతకం. ఒక నకలు పంచాయతీ గోడకు అంటించాలి.

ఇది గొంతెమ్మ కోరిక అంటున్నారు. ఈ దేశంలో కాలుష్యం చిమ్మే ఫ్యాక్టరీకి ఉన్న నియమమే ఇది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చూడండి. బహిరంగ విచారణలో జనం చెప్పినదాని సారాన్ని సభ చివర స్థానిక భాషలో చదివి వినిపించాలని అందులో రాసి ఉంది. ఆ సభలు ఎట్లా నడుస్తాయో మాకు బాగా తెలుసు. ముందు వరసలో పోలీసులు, వెనక లారీల్లో తోలుకొచ్చిన జనం. అయినా నియమం ఉంది కాబట్టి రేపు ఎవరైనా కాగితం పట్టుకుని ‘చదివి వినిపించలేదు’ అని కోర్టులో నిలబడగలరు. సిమెంటు ఫ్యాక్టరీ ముందు మాకున్న ఆ పాటి పట్టు, చెరువు బాగు చేస్తామని వచ్చిన సంస్థ ముందు ఎందుకు లేదు?

ప్రపంచ బ్యాంకు 2018 అక్టోబరు నుంచి అమలు చేస్తున్న పర్యావరణ, సామాజిక చట్రంలో పదో ప్రమాణం పూర్తిగా ఈ సంప్రదింపుల గురించే. సమాచారం స్థానిక భాషల్లో ఇవ్వాలంటుంది. ఎవరిని అడిగారో, వాళ్లేమన్నారో, దాన్ని ఎట్లా పట్టించుకున్నారో, పట్టించుకోకపోతే ఎందుకో రాసి ఉంచాలంటుంది. చదవడానికి బాగుంది. అయితే ఆ సారాంశాన్ని మాట్లాడినవాళ్ల ఎదుటే చదవాలన్న షరతు లేదు. మా మాట మా నోటి నుంచి బయలుదేరి నాలుగు ఆఫీసులు తిరిగి ఇంగ్లీషులో తేలేసరికి, అది మా మాటేనని చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షిని, అంటే మమ్మల్ని, ఎవరూ పిలవరు. తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు, తెలుగులోనూ పెట్టుకోవచ్చు. ఏడవడానికి తెలుగు పనికొస్తుంది గానీ, ఏడుపు రాకుండా ముందే అడ్డుకోవడానికి పనికిరాదు కాబోలు.

టైము సరిపోదంటారు. మా లెక్కలో అరగంట. తూము దగ్గర వంతుల తగువు వస్తే నీరుగంటి రాత్రంతా కూర్చుని తీరుస్తాడు, భత్యం అడగడు. అనువాదానికి ఖర్చంటారు. ఆ హోటల్లో ఒక పూట భోజనాల బిల్లు మా ముందు పెట్టండి, మాట్లాడుకుందాం. తెలుగులో ఆ పదాలు లేవంటారు. లేకపోతే మాకు అర్థం కానిదానికే మేం ఒప్పుకున్నామని రాసుకున్నట్టు లెక్క. ఒప్పుకుంటారా?

అసలు వాళ్లు తెచ్చిన తెలుగు పదంలోనే తిరకాసుంది. మమ్మల్ని ‘భాగస్వాములు’ అన్నారు. చేపల కంపెనీనీ ‘భాగస్వామి’ అన్నారు. మా దగ్గర పాలికి సేద్యం చేస్తే పంటలో పాలు, ఎండితే నష్టంలోనూ పాలు. రేపు కట్ట తెగితే కంపెనీ ఇసుక బస్తాలు మోస్తుందా? మూడో ఏడు వాన రాకపోతే ఒప్పందంలోని ఏదో ఒక పేరా చూపించి వెళ్లిపోతుంది. మేం వెళ్లలేం. ఉండిపోయేవాడికీ వెళ్లిపోయేవాడికీ ఒకే పేరు పెట్టడం మాకు సమ్మతం కాదు. కంపెనీని కంపెనీ అనండి, అప్పిచ్చేవాణ్ని అప్పులోడనండి. మమ్మల్ని మా పేర్లతో పిలవండి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. శ్లోకాలు సంస్కృతంలో ఉన్నాయి, అంటే మాకు అర్థం కాని భాషలో మా చెరువు గురించి రాయడం కొత్త అలవాటేమీ కాదు. అయినా ఆ రాయి చెరువు దగ్గరే ఉంది. చదవగలిగినవాణ్ని తెచ్చి చదివించుకోవచ్చు. మా మాటలు పెట్టిన ఫైలు ఏ దేశంలో ఉందో మాకు తెలియదు.

ఒక రోజు వస్తుంది. వాషింగ్టన్లో ప్రపంచ బ్యాంకు బోర్డు గదిలో పాతిక కుర్చీల ముందు ఒక ఫైలు తెరుస్తారు. భారతదేశం, బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్ కలిసి కూర్చునే ఆ ఒక్క కుర్చీ ముందు కూడా. మొదటి పేజీలో వేలిముద్ర ఉంటుంది, దాని పక్కన తెలుగులో ఒక వాక్యం: చదివి వినిపించారు, విన్నాను, మూడో మాటకు ఒప్పుకోను. ఆ మూడో మాట తేలేదాకా డబ్బు కదలదు. టర్కానా సరస్సు ఒడ్డు చేపలోడు, మెకాంగ్ ఒడ్డు రైతు, మా చెరువు నీరుగంటి ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఆ పేజీలో కలుసుకుంటారు. ప్రపంచం ఒకే కుటుంబం అని సభల్లో పాడతారే, ఆ కుటుంబం అప్పుడు మొదటిసారి పెద్దల మాట కాకుండా పనివాళ్ల మాట వింటుంది. అప్పటిదాకా మా జవాబు ఇది:

చదవనిదే సంతకం లేదు!
హాజరు వేరు, అంగీకారం వేరు!
మా చెరువు, మా తెలుగు, మా మాట!

ఇక నుంచి మా ఊళ్లలో ఏ సమావేశంలోనూ చదివి వినిపించని కాగితం మీద మేం చెయ్యి పెట్టం. టీ కూడా తాగం. వచ్చినవాళ్లకు మేమే మజ్జిగ ఇస్తాం. ఆ పాత కాగితం మీది మా సంతకాలను వెనక్కి తీసుకుంటున్నాం. అనుబంధంలోంచి వాటిని తీసేయాలని ఆ సంస్థకూ, రాష్ట్ర ప్రభుత్వానికీ విడివిడిగా తెలుగులోనే రాస్తున్నాం. ఇంగ్లీషు నకలు వాళ్లే చేయించుకోవాలి. ఖర్చు వాళ్లది.

ఈ ప్రణాళికను మొన్న ఆదివారం కట్ట మీద రెండుసార్లు చదివి వినిపించాం. గొర్రెలవాళ్లు ‘అప్పులోడు’ అన్న మాట మోటుగా ఉందన్నారు, మిగతావాళ్లు ఉండనీయమన్నారు. ఉంచాం, వాళ్ల అభ్యంతరం ఇక్కడ రాశాం. నీరుగంటి రెండోసారి చదివేటప్పుడు ఆపమన్నాడు. మర్రి కింద వాళ్లు టీ ఇచ్చారని రాశారే, చక్కెర, ఆకు వాళ్లవి, పాలు మన ఇళ్లనుంచి పోయినాయి, అదీ రాయండి అన్నాడు.

రాశాం.