గాలానికి చిక్కిన మేష్టారు

పాఠక మహాశయులు నన్ను మన్నించాలి. ఈ వారం సాహిత్య ప్రసంగం లేదు, చేపల ప్రసంగం. అదీ పట్టిన చేపల సంగతి కాదు, పట్టని చేపల సంగతి.

నేను కాపురం వుండేది హైదరాబాదులో, మాదాపూర్‌లో. 1998లో సైబర్ టవర్స్ తలెత్తిన తర్వాత మా పేటకు హైటెక్ సిటీ అని పేరొచ్చింది. పేరుతోపాటు తొందర కూడా వచ్చింది. ఇక్కడ కొత్తిమీర కట్ట అయిపోతే, చెప్పిన పది నిమిషాల్లో కుర్రాడు మోటారు సైకిలు మీద తెచ్చి గుమ్మంలో పెడతాడు. పదకొండో నిమిషం పడితే వాడి మీద ఫిర్యాదు. కూడలిలో పచ్చదీపం ఇంకా వెలగకుండానే వెనకనుంచి హారన్లు మోగుతాయి. ఇలాంటి చోట ఓర్పున్న మనిషి ఎవడయ్యా అంటే నేనే అని నాకొక నమ్మకం. ఇరవై ఏళ్లుగా కాలేజీలో ఛందస్సు చెబుతున్నవాణ్ణి, నాకు ఓర్పు లేకపోతే ఇంకెవరికుంటుంది చెప్పండి?

ఆ నమ్మకం సంక్రాంతి సెలవుల్లో బంగాళాఖాతంలో కలిసింది. ఆ కథే ఇది.

మా అత్తవారి వూరు బాపట్ల. మా బావమరిది మాకు రెండు వీధుల అవతల ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగకు వూరు వెళ్లి సముద్రం ఒడ్డున చేపలు పట్టాలని ముచ్చటపడి, రీలుతో సహా గాలపు కర్ర ఒకటి తెప్పించుకున్నాడు. తీరా సమయానికి సెలవు దొరకలేదు. అమెరికావారికి సంక్రాంతి లేదు కదా!

"మీరైనా వాడండి బావగారూ. ఏముంది, విసరడం, కూచోడం. మీకు ఓర్పు ఎక్కువ కదా" అన్నాడు.

ఆ చివరి మాటకు పడిపోయాను.

ముందుగా సాధన చెయ్యాలి కదా. మాకు సముద్రం లేదు. వున్నదల్లా దుర్గం చెరువు. గోలకొండ నవాబుల కాలంలో కోటకు నీళ్లిచ్చిన చెరువది. గుట్టల మధ్య దాగివుండి ఒకప్పుడు ఎవరికీ కనిపించేది కాదట. 2020లో దాని మీద తీగల వంతెన కట్టాక ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. సాయంత్రాలు అక్కడ జనం తిరునాళ్లే. అంతమంది మధ్య గాలం విసిరితే చేప పడదు, ఎవరి చొక్కానో పడుతుంది. అందుకని మా మేడ మీదనే సాధన మొదలుపెట్టాను. మొదటి విసురుకు సీసపు గుండు వెళ్లి మా ఆవిడ ఎండబెట్టిన వడియాల నడుమ పడింది. సాధన అంతటితో సమాప్తం.

బయల్దేరే ముందురోజు కాలేజీలో చిన్న సంఘటన జరిగింది. మొదటి ఏడాది కుర్రవాడొకడు బల్ల దగ్గర నిలబడి ఒక పద్యపాదానికి గణ విభజన చేస్తున్నాడు. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ తప్పే. నాకు బండికి వేళవుతోంది. "ఇది నీ వల్ల అయ్యే పని కాదులే నాయనా, కూచో" అన్నాను. తక్కినవాళ్లు నవ్వారు. వాడు కూచున్నాడు. నేను ఆ సంగతి అక్కడే మరిచిపోయాను.

బాపట్లనుంచి సూర్యలంక సముద్ర తీరానికి సుమారు 9 కిలోమీటర్లు. భోగి మర్నాడు, పండుగ నాడే, తెల్లవారకముందే వెళ్లి నిలబడ్డాను. చేతిలో కర్ర, సంచిలో ఎరకు రొయ్యలు, జేబులో పెద్ద చేప పడితే కొలవడానికి టేపు!

మొదటి విసురు. ఆ రీలుకు ఒక కమ్మీ వుంటుంది, దాన్ని తెరిచి విసిరితేనే దారం జారుతుంది. నేను తెరవలేదు. దారం ఫట్టున తెగింది. గుండూ గాలమూ ఎగిరి సముద్రంలో పడ్డాయి. బంగాళాఖాతానికి అది నా తొలి కానుక.

రెండో విసురుకు కమ్మీ తెరిచాను కానీ వేలు ముందే వదిలాను. గుండు ముందుకు పోలేదు, నెత్తిమీదికి లేచి నా కాళ్ల దగ్గరే పడింది. మూడోసారి వెనక్కి ఊపగానే గాలం నా చొక్కాకే తగులుకుంది. ఆ రోజు గాలానికి పడిన ప్రాణి నేనొక్కణ్ణే. నాలుగోసారి విసురు కుదిరింది, కానీ గాలికి దారం చిక్కుపడింది. ఆ చిక్కు విడదీయడానికి ముక్కాలు గంట పట్టింది. సమాసాల చిక్కులు విప్పిన చేతులకు అది లొంగలేదు. చివరికి కత్తెరే శరణ్యమైంది.

తర్వాత గాలం నీళ్లల్లో పడింది. హమ్మయ్య అని కూచున్నాను. అరగంట గడిచింది, గంట గడిచింది. ఎంత ఓర్పు! నన్ను నేనే మెచ్చుకున్నాను. లాగి చూస్తే ఎర లేదు. మళ్లీ గుచ్చాను. గంట తర్వాత మళ్లీ లేదు. మధ్యాహ్నానికి రొయ్యలన్నీ అయిపోయాయి. స్నానాలకు వచ్చినవాళ్లు "ఏమైనా పడ్డాయాండీ?" అని అడిగి, సమాధానం వినకుండానే పోతున్నారు.

దూరం చాలడం లేదేమోనని తోచింది. ఎదురుగా రెండు పక్కలా తెల్లగా కెరటాలు విరుగుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో వున్నాయి. అక్కడికి నడుంలోతు దిగి విసురుదామని పంచె ఎగగట్టాను.

"ఓ బాబుగారూ! ఆగండాగండి! అటు దిగమాకండి!"

వెనక్కి తిరిగి చూస్తే అరవై ఏళ్లు దాటిన పెద్దాయన, భుజాన తడి తాడు. కాస్త ఎడంగా అలివి వల లాగుతున్న జట్టులోని మనిషి. అలివి వల అంటే తెలియనివారికి ఒక మాట. పడవలో వల తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదిలి వస్తారు. దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డునుంచి రెండు జట్లు లాగుతూ దగ్గరకు చేరతాయి. అందరూ అడుగు కలిపితేనే వల కదులుతుంది.

"కెరటం విరగని చోటు చూసి మెత్తన అనుకున్నారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. నడుంలోతులోనే కాళ్ల కింద ఇసక లాగేసుద్ది" అన్నాడాయన.

సెలవులకు వచ్చిన పిల్లలు ఈ తీరాన మునిగిపోయిన వార్తలు పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు! నా ఒళ్లు జలదరించింది. ఆ పెద్దాయన కేక రెండు నిమిషాలు ఆలస్యమైతే ఈ వ్యాసం మరొకరు మరొక శీర్షికతో రాసేవారు.

నేను పంతుల్నని తెలిశాక ఆయనకు జాలి మరింత పెరిగింది. నా ఖాళీ గాలం చేతిలోకి తీసుకుని చూశాడు.

"పీతలు తిన్నయ్యి. ఎర అడుగున అట్టా గంటలకొద్దీ పడుంటే వాటికి పండగే గదా."

"ఓర్పుగా కూచోవాలన్నారు బాబాయ్" అన్నాను.

"కూచుంటే ఓర్పెట్టా అయిద్ది పంతులుగారూ? అది నిద్ర. ఘడియ ఘడియకీ తీసి చూసుకోవాల. ఎందుకు పోయిందో చూసుకోవాల. అదీ ఓర్పంటే."

నాకు నోట మాట రాలేదు. ఘడియ అంటే 24 నిమిషాలు. ఆ మాట పాఠాల్లో నేను చెప్పడమే గాని, మనిషి నోట విని ఎన్నాళ్లయిందో!

ఆ సాయంకాలం వల పని ముగిశాక ఆయన నాకు సముద్రం చదవడం నేర్పాడు. కెరటం ఎక్కడ విరుగుతుందో అక్కడ నీటి కింద ఇసుక దిబ్బ వుంది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య కాలవలాగా లోతు వుంటుంది. మేతకు వచ్చే చేప ఆ లోతు వెంట తిరుగుతుంది. అంటే నేను తిప్పలుపడి విసిరిందంతా చేపను దాటి అవతలికన్నమాట! పోటు ఎక్కే వేళ చేప ఒడ్డు దగ్గరికొస్తుంది. అమావాస్యకూ పున్నమికీ పోటు బలం, అష్టమికి నీరసం. ఇవాళ వచ్చిన వేళకన్న రేపు రెండు ఘడియలు వెనకపడుతుంది. నేను లెక్కవేశాను. రోజుకు అరవై ఘడియలు, మాసానికి ముప్పై తిథులు, తిథికి రెండు ఘడియలు. చంద్రుడి లెక్కే! నేటి శాస్త్రం సుమారు 50 నిమిషాలంటుంది. ఈయన బడికి వెళ్లినవాడు కాదు. నేను పంచాంగం చదివినవాణ్ణి, కానీ దాంట్లో సముద్రం వుందని ఎరగను.

"ఇవాళ మీ వలలో ఏం పడ్డాయి బాబాయ్?" అని అడిగాను.

"ఏముండయ్యి, చిన్నాచితకా. జట్టందరం పంచుకుంటే టీ ఖర్చు." కాస్త ఆగి అన్నాడు: "మీకు పడకపోతే కబురు పంతులుగారూ. మాకు పడకపోతే పస్తు."

ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఈ తీరంలో మర పడవలు సముద్రం మీదికి పోకూడదు. ఆ అరవైయొక్క రోజులూ మర పడవల వాళ్లు ఒడ్డున కూచుని సముద్రం వంక చూడవలసిందే. నా ఓర్పు ఒక పూట వేడుక, వాళ్ల ఓర్పు వంటింటి సంగతి.

మర్నాడు కనుమ. మళ్లీ వెళ్లాను. ఈసారి దగ్గరలోనే, లోతు కాలవలోకి విసిరాను. ఘడియకోసారి తీసి చూశాను. రెండు పీతలు, ఒక జెల్ల. జెల్లను చేత్తో పట్టబోతుంటే పెద్దాయన గదిమాడు. దాని వీపు మీదా రెండు పక్కలా ముళ్లుంటాయి, గుచ్చుకుంటే రాత్రంతా జాగారమే. ఆయనే విడిపించి నీళ్లల్లో వదిలాడు.

పొద్దెక్కుతుండగా కర్ర ఒక్కసారిగా వంగింది. గుండె ఆగినంత పనైంది. రీలు తిప్పాను, దారం బిగిసింది, కెరటంలో వెండిరంగు ఒకటి తళుక్కున మెరిసింది. అంతే! దారం తేలిపోయింది.

దారం తెగలేదండీ. నేను వేసిన ముడి జారిపోయింది.

"మాగ అయి వుంటది" అన్నాడు పెద్దాయన. నా దురదృష్టాన్ని తిట్టుకోబోయాను. ఆయన నవ్వలేదు, ఓదార్చనూ లేదు. పక్కన చతికిలబడి, "ఏదీ, ఆ ముడి మళ్లీ వెయ్యండి, చూస్తా" అన్నాడు.

వేశాను. మామూలు ముడి. నైలాను దారం నున్నన, మామూలు ముడి దానిమీద నిలవదట. గాలపు కంటిలోంచి దూర్చి, దారం మీదనే అయిదారు మెలికలు తిప్పి, కొసను తెచ్చి మొదటి కంతలో దూర్చి, నోటితో తడిచేసి అప్పుడు బిగించాలి. ఒకసారి వేసి చూపాడు. నేను వేశాను, తప్పు. మళ్లీ వేశాను, తప్పు. అవతల జట్టువాళ్లు పిలుస్తున్నారు. "వస్తన్నా" అన్నాడే గాని లేవలేదు. ఎనిమిదోసారో తొమ్మిదోసారో నా వేళ్ల వంకే చూస్తూ, "అదుగో, అక్కడ! చుట్టేది అటు గాదు, ఇటు" అన్నాడు. పదోసారి ముడి నిలిచింది.

ఒక్కసారి కూడా ఆ మనిషి "ఇది నీ వల్ల కాదు" అనలేదు.

అప్పుడు గుర్తొచ్చాడండీ, బల్ల దగ్గర నిలబడ్డ ఆ కుర్రాడు. మూడుసార్లు! పది కూడా కాదు, మూడు! చేప పోయినందుకు రాని నీళ్లు అప్పుడు వచ్చాయి కళ్లల్లో.

ఖాళీ సంచితో ఇంటికి చేరాను. "చేపలేవీ?" అంది మా ఆవిడ. "ముడి నేర్చుకొచ్చాను" అన్నాను. ఆవిడ నా వంక ఎలా చూసిందో పెళ్లయిన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

సెలవులు అయ్యాక వాణ్ణి స్టాఫ్ రూముకు పిలిచాను. బెదురుతూ వచ్చాడు. "మొన్న నేనన్న మాట తప్పు నాయనా. ఆ పాదం మళ్లీ చెయ్యి, నేను చూస్తాను" అన్నాను. ఈసారి జవాబు చూడలేదు, వాడి వేళ్లు చూశాను. నాలుగో అక్షరం దగ్గర దొరికింది తప్పు. సంయుక్తాక్షరం వస్తే దాని ముందున్న అక్షరం గురువు కావాలి. వీడు ముందున్న దాన్ని వదిలి, బరువుగా కనిపిస్తోంది గదా అని ఆ సంయుక్తాక్షరానికే గురువు గుర్తు పెడుతున్నాడు. అక్కణ్ణించి గణాలన్నీ తారుమారు. ఒకే ఒక్క తప్పు, ముడి అటు బదులు ఇటు చుట్టడం లాంటిది. సరిచేసి చూపాను. తర్వాతి పాదం వాడే చేశాడు, తప్పు లేకుండా.

వాడు వెళ్లిపోయాక చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూచున్నాను. ఇరవై ఏళ్లుగా నేను వల్లెవేయిస్తున్న సూత్రమే! లఘువు తనంతట తాను గురువు కాదు. తన వెనక వచ్చేవాడి బరువు తాను మోసినప్పుడే అవుతుంది.