పాలాటి తీరవాసుల ప్రణాళిక

వేలూరు మొదలు కౌండిన్య పారు గుడియాత్తము వఱకు తరతరములుగా కాపురముండి, 1911లో చిత్తూరు జిల్లా వేఱుపడిన పిదపను ఈ యుత్తరార్కాటు గడ్డనే నమ్ముకొన్న తెలుగువారమగు మేము, పాలాఱు నదికిని రాజ్యాంగమునకును గల సంబంధమును విచారించి, ఈ క్రింది సిద్ధాంతములను ప్రకటించుచున్నాము.

ఈ తీరపు తోళ్ల కార్ఖానాలలో తంగేడుచెక్కతో తోళ్లూను పాతపద్ధతి వెనుకబడి క్రోమియపు లవణములు వ్యాపించిన పిమ్మట, కిలో తోలునకు 35 లీటర్ల నీటి చొప్పున వాడి విడిచిన మురుగు పాలాటి బావులను, పొలములను చెఱచెను. వేలూరు పౌరసంక్షేమ వేదిక తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న, కీడు రుజువగు వఱకు వేచియుండక ముందుజాగ్రత్త వహింపవలెననియు, చెఱచినవాడే నష్టము భరింపవలెననియు, ఈ ధర్మములకు 21, 48-ఎ, 51-ఎ అధికరణములు ఆధారమనియు తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు మేము ఋణపడియున్నాము. అయినను అది తన మూలములను స్టాక్‌హోం, రియో సభలలోను, ఇంగ్లండు న్యాయవేత్త బ్లాక్‌స్టన్ గ్రంథములోను వెదకెనే కాని, నీరుగంటి వంతు తప్పక మడిమడికి నీరు కట్టుటయు, ఇంటికొకరు పాఱపట్టి చెఱువు పూడిక తీయుటయు, వైగాశి తొలినాడు గుడియాత్తమున గంగమ్మ శిరస్సు నూరేగించుటయు నేర్పిన ధర్మమును సాక్ష్యముగా గొనదయ్యెను. ఆ లోపమును పూరించుటయే మా యుద్యమము.

1. నది యెవ్వరి సొత్తును కాదు. రాబోవు తరములవారి యిల్లడ. 2008లో ఈక్వడారు రాజ్యాంగము ప్రకృతికి హక్కులొసంగెను. 2022లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనము ప్రకృతిమాతను హక్కులుగల జీవిగా ప్రకటించెను. అయితే ఆ హక్కును కాపాడు బాధ్యత తీరవాసులకప్పగింపనిచో అది కాగితముననే నిలుచును.

2. ఆచారమంతయు ధర్మము కాదు. ఏ ఆచారము కొందఱిని బావిగట్టునుండి తఱిమెనో దానిని 15, 17 అధికరణముల సాక్షిగా మేము త్యజించుచున్నాము.

3. ఊరి వనరులపై గ్రామసభ మాట చెల్లవలెను. గ్రామసభకు అట్టి యధికారమిచ్చు 1996 నాటి పెసా చట్టము రాజ్యాంగపు 5వ షెడ్యూలు ప్రాంతములకే పరిమితము. తమిళనాట అట్టి ప్రాంతమొక్కటియు లేనందున జవ్వాదికొండల గిరిజనులకైనను ఆ రక్ష లభింపలేదు. దానిని వారికిని, నదీతీర గ్రామములకును విస్తరింపవలెను.

4. మురుగుశుద్ధి వ్యయము కార్ఖానా యజమానిదే; అది కూలివాని వేతనముపై పడరాదు.

సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన 28 ఏండ్లకు, 2025 జనవరి 30న, పాలాటి పరిహారము, పునరుద్ధరణల కొఱకు అదే న్యాయస్థానము మరల ఆజ్ఞలీయవలసివచ్చెను. కావున సోదరులారా, జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 నాటి గ్రామసభలకు తప్పక పొండు. మీ యూరి బావినీటిని పరీక్షింపుమని తీర్మానము వ్రాయించి, చేవ్రాలు చేయుడు.