అంత్యక్రియలును అంటువ్యాధియు

1976లో నాటి జైరు, నేటి కాంగో దేశమందలి యాంబుకు గ్రామమున ఒక క్రొత్త జ్వరము బయల్పడినది. ఊరి పేరు వ్యాధికి తగిలించినచో ఊరివారికి తీరని అపవాదు కలుగునని తలచి, శాస్త్రజ్ఞులు దూరముననున్న ఎబోలా నది పేరు దానికి పెట్టిరి. ఆనాడు చూపిన ఆపాటి మన్నన తరువాతి కాలమున వ్యాధి నివారణకు పూనుకొన్న ప్రభుత్వములలో తఱచు కొఱవడినది.

పశ్చిమాఫ్రికాలో ఈ ఉపద్రవము 2013 డిసెంబరున, గినీ దేశపు అడవిసీమలోని మెలియాండూ పల్లెయందు ఒక పసిబిడ్డ మృతితో మొదలైనదని పరిశోధకులు తేల్చిరి. అది ఎబోలా యని నిర్ధారణ యగునప్పటికి 2014 మార్చి వచ్చినది. జ్వరము, వాంతులు, విరేచనములు ఆ సీమలో ఇతర వ్యాధులకును సామాన్యమే. అయినను అన్నాళ్ళు ఎవరికిని ఏమియు తెలియదనుట సరికాదు. ఒకే యింట వరుసగా పీనుగులు లేచుచున్న సంగతి ఊరికి తెలియును. దానిని విని పైవారికి చేర్చు వైద్యుడు చేరువలో లేడు. అంతే!

మృతదేహమునందు ఈ వైరసు మిక్కుటముగ నుండును. కావున పీనుగును కడిగి, తాకి సాగనంపు ఆచారము వ్యాధిని వ్యాపింపజేసిన మాట నిజమే. దానికి లైబీరియా ప్రభుత్వము చేసినదేమి? 2014 ఆగస్టున రాజధాని మన్రోవియాలో ఎబోలా మృతులను దహనము చేయవలెనని ఆజ్ఞాపించినది. దహనము వాడుకగాగల తెలుగు పాఠకునకు ఇది పెద్ద విషయముగ తోపకపోవచ్చును. కాని ఏటేట మార్చి నెలలో సమాధులను శుభ్రపఱచి అలంకరించుటకై జాతీయ సెలవుదినమే పాటించు దేశమది. తమవారి గోరీ కూడ మిగులదని యెఱిగిన జనులు రోగులను ఇండ్లలో దాచిరి, రహస్యముగ పూడ్చిరి. లెక్కకు రావలసిన వ్యాధి చాటునకు పోయినది. ఆ మాసముననే వెస్ట్ పాయింట్ పేటను సైనికులు ముళ్ళతీగతో చుట్టివేయగా అలజడి చెలరేగి, కాల్పులలో గాయపడిన ఒక బాలుడు మరణించెను. పది దినములకే ఆ దిగ్బంధమును ఎత్తివేయవలసివచ్చినది.

బంధువులు ఎడముగ నిలిచి ప్రార్థించుటకును, మతాచార్యుడు దగ్గఱ నుండుటకును అవకాశమిచ్చు ఖననవిధిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది 2014 నవంబరులో. అది మొట్టమొదట రావలసినది. 2016లో ఉపద్రవము ముగియునప్పటికి మృతులు 11,300కు మించిరి.

కట్టడి అక్కఱలేదని దీని భావము గాదు. 2014 జులైలో లేగోసు నగరమున డాక్టర్ అడదెవో అను వైద్యురాలు, ఎన్ని ఒత్తిడులు వచ్చినను, రోగిని ఆసుపత్రి దాటనీయలేదు. పిమ్మట ఆ వ్యాధికే బలియైనది. కాని నైజీరియా అంతటితో నిలువక, రోగిని తాకినవారి యిండ్లకు 21 దినములు నిత్యము మనుషులను పంపి విచారింపించినది. అచ్చట మృతులు 8 మంది.

ఇప్పుడు టీకా యున్నది గదా యందురు. 2018–20లో తూర్పు కాంగోయందును టీకా యున్నది. అయినను 2,200 మందికి పైగా మరణించిరి. 2019 ఫిబ్రవరిలో కాట్వా, బుటెంబోలలోని చికిత్సాకేంద్రములపై దాడులు జరిగినవి. ఏండ్ల తరబడి సాయుధ మూకలు తమ్ము చంపుచుండగా రాని వాహనములు ఈ జ్వరమునకు మాత్రమేల వచ్చినవని అచ్చటివారు అడిగిరి.